వీసా రాని ఊళ్లో నాలుగు రోజులు

ఆ ఊరి పేరు రాయను. మళ్లీ వాళ్ల వీసాకే పెట్టుకోవాల్సి వస్తే ఇబ్బంది. యూరప్‌లో ఒక పాత నగరం అనుకోండి. మధ్యలో నది, వీధుల్లో ట్రాములు, అక్కడక్కడా తాగే నీళ్ల కుళాయిలు. మా అమ్మాయి బెజవాడలో హాస్టల్లో చేరాక, పెళ్లయిన పద్దెనిమిదేళ్లకి మొదటిసారి మేమిద్దరమే నాలుగు రోజులు అక్కడికి వెళ్లొద్దామనుకున్నాం.

అప్పుడు మేం ఖతర్‌లోని అల్ వక్రాలో ఉండేవాళ్లం. మా ఆయన రోడ్ల ఇంజనీరు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు రాబోతోందని దేశం మొత్తాన్ని తవ్విపోసిన రోజులవి. పొద్దున కూరగాయలకి వెళ్లిన దారి సాయంత్రం పాలకి వెళ్లేసరికి ఉండేది కాదు. అలాంటప్పుడు రోడ్ల ఇంజనీరు సెలవడగడమంటే, పీటల మీద కూర్చున్న పెళ్లికొడుకు కాసేపు బయట తిరిగొస్తాననడం లాంటిది. అయినా మా ఆయన ఆరు నెలలు మేనేజరు వెంటపడి నాలుగు రోజులు సాధించారు.

ఇక నా తప్పు సంగతి.

మా బిల్డింగులో ఎనిమిది తెలుగు కుటుంబాలు. అందరికీ పెద్ద, పై అంతస్తులో ఉండే అక్కయ్య. రాజమండ్రి ఆవిడ, యాభై దాటాయి. అంతకు ముందు ఏడు స్విట్జర్లాండ్ వెళ్లొచ్చి, మంచు ముందు ఎర్ర కోటు వేసుకుని దిగిన ఫొటోలు మా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో నెల రోజులు పెట్టింది. రోజుకొకటి చొప్పున, మందు బిళ్లల్లా.

ఒక సాయంత్రం ఆవిడింట్లో అందరం టీ తాగుతుంటే అడిగింది. “ఏం చూస్తారమ్మా అక్కడ?”

చర్చి అనో మ్యూజియం అనో చెప్పి ఊరుకోవచ్చు. కానీ యూరప్ నగరాలకి వెళ్తే పర్యావరణానికి హాని లేకుండా ఏమేం చెయ్యొచ్చో ఆ మధ్యాహ్నమే ఎక్కడో చదివాను. అదింకా వేడివేడిగా బుర్రలో ఉంది.

“మేం మామూలు టూరిస్టుల్లా వెళ్లడం లేదండీ,” అన్నాను. “భూమికి బరువు కాకుండా వెళ్తున్నాం. టాక్సీ ఎక్కం. నడుస్తాం, లేదంటే ట్రాము. సీసా మేమే పట్టుకెళ్లి కుళాయి నీళ్లు పట్టుకుంటాం. అక్కడ పండిన కూరలే తింటాం. సైకిలు అద్దెకి తీసుకుంటాం. ఏమైనా కొనాలనిపిస్తే పాత వస్తువుల సంతలో కొంటాం.”

గదిలో అందరూ నన్నే చూస్తున్నారు. ఆ చూపులు నాకు బాగా నచ్చాయి.

“వెళ్లేది విమానంలోనేనా?” అంది అక్కయ్య.

నేను వినపడనట్టు బిస్కెట్ తీసుకున్నాను.

ఆ జాబితానే పొల్లు పోకుండా వీసా దరఖాస్తులో కూడా రాశాను. ప్రయాణం మూడు రోజులుందనగా పాస్‌పోర్టులు వెనక్కి వచ్చాయి, వీసా లేకుండా. వాళ్లిచ్చిన కాగితంలో బోలెడు గడులున్నాయి. ఒక్క దాంట్లో టిక్కు పెట్టారు. ప్రయాణానికి చెప్పిన కారణం నమ్మదగినదిగా లేదట.

మా ఆయన ఆ కాగితం రెండుసార్లు చదివారు. “నడవడానికీ, సైకిలు తొక్కడానికీ, కుళాయి నీళ్లు తాగడానికీ ఇంత దూరం ఎవరొస్తారని వాళ్లకి అనుమానం వచ్చినట్టుంది,” అన్నారు.

ఏడుపొచ్చిన మాట నిజమే. కానీ అంతకంటే పెద్ద చిక్కు అప్పటికే మా హాల్లో పేరుకుని ఉంది. రెండో అంతస్తు ఆవిడ దారిలో తినమని గోంగూర పచ్చడి ఇచ్చింది. ఎదురింటావిడ ఉన్ని టోపీలిచ్చింది. అక్కయ్య తన ఎర్ర కోటు శుభ్రం చేయించి మరీ పంపింది. ఇప్పుడు వెళ్లి వీసా రాలేదని చెప్పాలి.

“నువ్వే చెప్పు,” అన్నారు మా ఆయన.

“మీరే చెప్పండి,” అన్నాను.

ఇద్దరం చెప్పలేదు. మా ఆయన స్నేహితుడొకాయన సెలవు మీద ఇండియా వెళ్తూ, మొక్కలకి నీళ్లు పోయమని తన ఫ్లాటు తాళం మాకిచ్చాడు. దోహాలో, ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒక పాత బిల్డింగు అది. మా అల్ వక్రా వాళ్లెవరికీ అటు పని ఉండదు. టీవీ పక్కన కొక్కేనికి వేలాడుతున్న ఆ తాళం వైపు ఇద్దరం ఒకేసారి చూశాం. మా ఆయన లేచి దాన్ని తీసి జేబులో వేసుకున్నారు.

బుధవారం సాయంత్రం గ్రూపంతా కిందికి దిగి చేతులూపారు. టాక్సీ ఎక్కం అన్నాను కాబట్టి పెట్టెలు లాక్కుంటూ మెట్రోకి వెళ్లాం. మెట్రో అప్పటికి కొత్త, స్టేషన్లు ఇంకా కొత్త సిమెంటు వాసనేస్తున్నాయి. విమానాశ్రయానికి మారాల్సిన స్టేషన్లో మారకుండా అలాగే కూర్చుని, అల్ దోహా అల్ జదీదాలో దిగి, అక్కణ్నుంచి నడిచాం. కోటు మోసుకెళ్లడం కంటే వేసుకోవడమే తేలికని వేసుకున్నాను.

ఆ పాత బిల్డింగు గుమ్మంలో నాతూర్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. గల్ఫ్‌లో బిల్డింగు చూసుకునే కాపలాదారుని అలా అంటారు. మనిషికి యాభై అయిదేళ్లుంటాయి. మొదట హిందీలో పలకరించి, మా మాటలు విని తెలుగులోకి దిగాడు.

“ఏడికెల్లొచ్చిన్రు?”

“ఇప్పుడే విమానం దిగి వస్తున్నాం,” అన్నాను.

ఆయన లేచి మా పెట్టెల చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. “ఇమానం దిగిన పెట్టెకు చీటి కట్టి ఉంటదమ్మా. మీదాన్కి లేదు. గా కోటేంది? గీడ గంత చలేడుంది?”

కోటులోపల నాకు చెమట పట్టింది.

“పదిహేనేండ్లు సైట్ల మీద పనిజేసిన. గిప్పుడు ఆరేండ్ల సంది గీ బిల్డింగ్ జూస్తున్న. మొఖం జూస్తె తెలుస్తది,” అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. “లేచిపోయొచ్చిన్రా?”

మా ఆయనకి నలభై ఏడు. ఆ ప్రశ్నకి ఆయన మొహం వెలిగినట్టు నేనా మధ్య కాలంలో చూడలేదు.

“పెళ్లయి పద్దెనిమిదేళ్లయింది అన్నా,” అని ఫోన్లో మా పెళ్లి ఫొటో తీసి చూపించాను. ఆయన ఫొటోనీ మా ఆయన్నీ మార్చి మార్చి చూశాడు.

“గీ ఫొటోల సార్‌కు ఎంటికలున్నయ్ గదా.”

“పద్దెనిమిదేళ్లంటున్నాను కదా.”

దాంతో నమ్మకం కుదిరింది. ఇంక దాచి లాభం లేదని మొత్తం చెప్పేశాం. టీ కప్పుల దగ్గర నేను వాగిందీ, వీసా రానిదీ, గోంగూర పచ్చడీ. ఆయన నవ్వకుండా ఆఖరిదాకా విన్నాడు.

“వీసా రాలే. అయినా పోయొచ్చినట్టు జేస్తున్నరు. మంచిగున్నది,” అన్నాడు. “మాది జగిత్యాల దిక్కు. మా ఇంటామె ఇప్పటికీ నేను దుబాయ్‌ల ఉన్న అనే అనుకుంటది. గిది ఖతర్ అని చెప్పి చెప్పి ఊకున్న. నాలుగొద్దులే గదా. ఎవలొచ్చి అడిగినా లేరని చెప్త.”

మర్నాడు పొద్దున్న పదింటికే మాకు అర్థమైంది, నాలుగు రోజులు ఆ రెండు గదుల్లో దాక్కుంటే ఒకళ్లనొకళ్లు పీక్కుతింటామని. అందుకని జాబితా బయటికి తీశాం. నది లేకపోయినా నడవడానికి కాళ్లున్నాయి కదా.

ఖతర్‌లో తొమ్మిదేళ్లుండి మేం నడిచింది కారు నుంచి గుమ్మం దాకానే. ఆ రోజు నడిస్తే వీధుల్లో వేరే ఊరు కనిపించింది. ఇళ్ల ప్రహరీలకీ, మసీదుల పక్కనా దారిన పోయేవాళ్ల కోసం చల్లటి నీళ్ల కూలర్లు పెట్టారు. నా సీసాకి ఆ నాలుగు రోజులూ కొరత రాలేదు. కుట్టుపని వాళ్లూ, మంగలి షాపులూ, రొట్టెలు కాల్చే వాళ్లూ, అందరూ వీధిలోనే కనిపించారు. ఎదుటి వరసలో ఒక టిఫిన్ హోటల్ చూసి దోసెలు తిందామనుకున్నాం. మధ్యలో రోడ్డు తవ్వేసి ఎర్రా తెల్లా ప్లాస్టిక్ దిమ్మెలు అడ్డం పెట్టారు. దాటే చోటు కోసం దిమ్మెల వెంబడి నడిచాం, నడిచాం, ఇంకా నడిచాం. హోటల్ మాకు ఎదురుగా మొదలై వెనక్కి వెళ్లిపోయింది.

“ఈ దారి మళ్లింపు గీసిన మహానుభావుడెవరో,” అన్నాను.

మా ఆయన నడక వేగం పెంచారు. దిమ్మె మీద అంటించిన కంపెనీ గుర్తు చూశాను. ఆయన టోపీ మీద కూడా అదే గుర్తు.

“మీరేనా?”

“కార్లకి లెక్క వేశాం,” అన్నారు. “మనుషులు గుర్తు రాలేదు.”

అంతలో డ్యూటీకి వెళ్తున్న పనివాళ్లు పదిమంది వచ్చారు. వాళ్లలో ఒకతను అలవాటైన చేత్తో ఒక దిమ్మెని పక్కకి జరిపాడు, మిగతావాళ్లు ఒక్కొక్కరే దూరారు. మమ్మల్ని చూసి, “యల్లా మేడం, జల్దీ,” అన్నాడు. మేమూ దూరాం. తను పెట్టించిన అడ్డాన్ని తనే దొంగతనంగా దాటుతున్న మా ఆయన మొహం చూడ్డానికి ఇంకో వీసా దరఖాస్తు పెట్టినా తప్పులేదనిపించింది. దోసెలు తింటున్నంతసేపూ ఆయన టిష్యూ కాగితం మీద ఏవో గీతలు గీస్తూనే ఉన్నారు.

సాయంత్రం నాతూర్ మమ్మల్ని మేడ మీదికి రమ్మన్నాడు. మెట్లెక్కి చూద్దుం కదా, ఖాళీ పెయింటు డబ్బాల నిండా మెంతికూర, పుదీనా, కొత్తిమీర, ఒక మూల తీగకి పాకిన బీరకాయలు. ప్రతి ఏసీ కింద నుంచి సన్నటి గొట్టం, ఆ గొట్టాలన్నీ ఒక పెద్ద డ్రమ్ములోకి.

“ఏసీల నీళ్లు ఉత్తగ పోతున్నయ్ గదా,” అన్నాడాయన. “ఇరవై నాలుగు ఏసీలు. గా నీళ్లల్ల ఉప్పుండది, మందుండది. ఆకులు అలములు, కూరగాయల పొట్టు అంత డబ్బలల్ల ఏస్త. అదే ఎరువు.”

“ఎవరు నేర్పారు?”

“ఎవలు నేర్పుతరమ్మా? మెంతికూర తినబుద్ధయింది.”

అక్కడ పండిన కూరలే తింటానన్న నా మాట అలా నెరవేరింది. మెంతికూర పప్పు నేనే వండాను, ఆయనకీ గిన్నెతో ఇచ్చాను. పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పడానికి ఆయన ఏమీ మొహమాటపడలేదు.

శుక్రవారం సైకిలు వంతు. అద్దెకి ఎక్కడిస్తారో తెలియక నాతూర్ సైకిలే అడిగాం. మా ఆయన వీధి చివరి దాకా బాగానే తొక్కి, వెనక్కి తిరిగి నాకు చెయ్యూపి, ఇసక కుప్పలోకి వెళ్లిపోయారు. దెబ్బలేమీ తగల్లేదు. సూక్ హరాజ్ అనే పాత సామాన్ల బజారుకి ఇసక దులుపుకుంటూ నడిచి వెళ్లాం. ఊరు విడిచి వెళ్లిపోయిన వాళ్ల మంచాలూ, కుర్చీలూ, మిక్సీలూ అక్కడ ఉంటాయి. ఆ కుప్పలో నాకొక ఇత్తడి కాఫీ ఫిల్టరు దొరికింది. ఏ తెలుగు ఇల్లాలో, ఏ తమిళ ఇల్లాలో వదిలి వెళ్లుంటుంది. దాని మూత కోసం మా ఆయన గంటసేపు గిన్నెల మధ్య మోకాళ్ల మీద వెతికారు, దొరికింది కూడా.

ఇక గ్రూపు. పొద్దుట్నుంచీ “ఫొటోలేవి?” అని అడుగుతున్నారు. నేనొక నియమం పెట్టుకున్నాను. ఫొటో పెడతాను, దాని కింద ఒక్క అక్షరం రాయను. అలా అయితే అబద్ధమాడినట్టు కాదు కదా. ఆ మధ్యాహ్నం మెట్రో దిగి ఉచిత బస్సెక్కి, సముద్రం పూడ్చి కట్టిన పర్ల్ దీవికి వెళ్లాం. అక్కడ ఇటలీలోలాగా కాలువలూ, రంగు రంగుల ఇళ్లూ, చిన్న చిన్న వంతెనలూ కట్టారు. ఒక వంతెన మీద నిలబడి, వెనకాల అరబిక్ బోర్డులు పడకుండా ఫొటో తీయించుకుని పంపాను.

గ్రూపు హోరెత్తిపోయింది. ఎంత శుభ్రంగా ఉందో, గాలి ఎంత స్వచ్ఛంగా ఉందో ఫొటోలోనే తెలుస్తోందన్నారు. అక్కయ్య మాత్రం ఇలా రాసింది: “ఆ వంతెన మీద మేమూ ఫొటో దిగాం. ఆ పక్క కొట్లో కాఫీ బాగుంటుంది, తాగి రండి.”

మా ఆయనకి చూపించాను. “ఆవిడ వెళ్లింది స్విట్జర్లాండ్ కదా,” అన్నారు.

“అదే కదా.”

ఆవిడ కోతలు కోస్తోందని ఇద్దరం తీర్పు చెప్పేసుకున్నాం. ఆ సాయంత్రమంతా నాకు హాయిగా ఉంది. అబద్ధాల కోరు నేనొక్కదాన్నే కాదన్నమాట.

శనివారం నాతూర్ అన్నాడు, “గీ ఊళ్లె ఏం జూస్తరు? అల్ షహానియా పోన్రి. మా సడ్డకుడు ఒంటెల కాడ పనిజేస్తడు, మంచిగ జూపిస్తడు.” ఆయన తోడల్లుడన్నమాట. బస్సులో వెళ్లాం. ఎడారి మధ్యలో పందేల మైదానం, దాని చుట్టూ ఒంటెల కొట్టాలు. తోడల్లుడు పది ఒంటెల్ని వరసగా తాడు కట్టి వ్యాయామానికి తిప్పుతున్నాడు. ప్రతిదానికీ ఒక ముద్దు పేరుంది, ప్రతిదాని అలవాటూ చెప్పాడు. ఒకదాని మెడ నిమరమన్నాడు. నేను నిమురుతూ తలెత్తి చూస్తే, ఇరవై అడుగుల దూరంలో మా బిల్డింగు ముందు రోజూ చూసే కారు ఆగి ఉంది. అక్కయ్య దిగుతోంది.

నేను ఒంటె వెనక్కి వెళ్లాను. ఒంటె పక్కకి జరిగింది. ఇంకో ఒంటె వెనక్కి వెళ్లబోతే మా ఆయన అప్పటికే అక్కడున్నారు.

అక్కయ్య తాపీగా నడిచొచ్చింది. “ఏమ్మా,” అంది, “ట్రాము ఇక్కడిదాకా వేశారా?”

మా ఆయన నమస్కారం పెట్టారు.

“ఒంటెల్ని చూద్దామని వచ్చాం. మావారు కారు దగ్గరే ఉంటారులే, ఆయనకి ఒంటెలంటే భయం,” అంది ఆవిడ. “ఆ వంతెన చూడగానే పోల్చుకున్నాను. ఆయన ఆఫీసు ఆ వెనకే. వారం వారం ఆ కొట్లోనే కదా మేం కాఫీ తాగేది.”

“మరి గ్రూపులో అలా రాశారేంటండీ?”

“అబద్ధం రాశానా? ఆ వంతెన మీద ఫొటో దిగామన్నాను. దిగాం. నువ్వేమైనా అబద్ధం రాశావా?”

“నేనసలేమీ రాయలేదండీ.”

“అదే మరి.”

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ముందు ఆవిడ నవ్వింది. తోడల్లుడు తెచ్చిన టీ తాగుతూ వీసా సంగతి చెప్తే, గడిలో టిక్కు దగ్గరకొచ్చేసరికి ఆవిడకి టీ పొలమారింది. తర్వాత తన కథ చెప్పింది. స్విట్జర్లాండ్‌లో అయిదు రోజుల్లో నాలుగు రోజులు వానే. హోటల్ గదిలో కూర్చుని జంతికలు తిన్నారట, పేకాడుకున్నారట. “ఒక్క గంట ఎండ కాసింది. ఆ గంటలోనే కండువాలు మార్చి మార్చి నలభై ఫొటోలు దిగాను,” అంది. “నెల రోజులకి సరిపోయాయి.”

నన్ను బయటపెట్టనని మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా, తన పద్ధతిలో. మేం ఇంటికి చేరిన వారానికే, నేను యూరప్ విశేషాలు చెప్తానని తనింట్లో అందర్నీ పోగేసింది. తను ముందు వరసలో కూర్చుంది.

నిజాలే చెప్పాను. బోలెడు నడిచామన్నాను. దారిన పోయేవాళ్లకి చల్లటి నీళ్లు ఉచితంగా దొరుకుతాయన్నాను. పాత సామాన్ల బజారు గురించి చెప్పాను.

“అక్కడి మనుషులెలా ఉంటారో చెప్పమ్మా,” అంది అక్కయ్య, మొహంలో ఏ భావమూ లేకుండా.

“మేమున్న చోట ఒకాయన ఏసీల నీళ్లు పట్టి మేడ మీద మెంతికూర పెంచుతున్నాడండీ. కూరల పొట్టే ఎరువు. ఇరవై నాలుగు ఏసీలకి గొట్టాలు కట్టాడు.”

“చూశారా,” అంది రెండో అంతస్తు ఆవిడ. “అందుకే వాళ్లు వాళ్లయ్యారు. మన వాళ్లకి ఇలాంటి ఆలోచనలు చచ్చినా రావు.”

అందరూ ఔనన్నారు. ఎదురింటావిడ ఆ పద్ధతి చీటీ మీద రాసుకుంటోంది. అంతవరకూ నాకు సరదాగానే ఉంది. ఆ మాటతో ఎక్కడో కలుక్కుమంది. నా పరువు పోతే పోయింది, ఆయన పేరు వేరేవాళ్లకి పోతుంటే ఎలా కూర్చోను?

“ఆయనది జగిత్యాల,” అన్నాను.

“యూరప్‌లో జగిత్యాల వాళ్లున్నారా?”

“యూరప్ కాదు. ఫరీజ్ అబ్దుల్ అజీజ్.”

తర్వాత మొత్తం చెప్పాను. రెండో అంతస్తు ఆవిడకి బాగా కోపం వచ్చింది. ఎర్రబడ్డ మొహంతో, “నా గోంగూర పచ్చడి దోహాలో తిన్నారా?” అంది. తిన్నామన్నాను. ఎలా ఉందని అడిగింది. చాలా బాగుందన్నాను. అప్పటికి కొంచెం చల్లబడింది, కానీ నెల రోజులు నాతో ముభావంగానే ఉంది. మిగతావాళ్లు వీసా కాగితం చూపించమని పట్టుబట్టి, దాన్ని చేతులు మార్చుకుంటూ నవ్వారు.

మా ఆయన టిష్యూ కాగితం గీతలు ఆఫీసులో మూడు సమావేశాలు దాటాయట. నెల తర్వాత ఆ దిమ్మెల మధ్య మనుషులు నడిచే సందు వచ్చింది, చెక్క పలకలు పరిచి, ఇరువైపులా కమ్మీలు పెట్టి. ఆయన దాన్ని చూడ్డానికి నన్ను రెండుసార్లు తీసుకెళ్లారు. ప్రపంచ కప్పు స్టేడియం చూడ్డానికి ఒక్కసారి కూడా తీసుకెళ్లలేదు.

ఒక శుక్రవారం అక్కయ్య నాయకత్వంలో అయిదుగురం మెట్రోలో బయల్దేరాం. అలిగిన ఆవిడ కూడా చివరి నిమిషంలో వచ్చింది, కొత్త చెప్పులతో. నాతూర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మేడ మీదికి తీసుకెళ్లి ప్రతి డబ్బా ముందూ ఆగి వివరంగా చెప్పాడు. మేం ప్రశ్నలడిగాం, ఫొటోలు తీశాం, ఆకులు వాసన చూశాం. బీరకాయల దగ్గర ఉండగా ఊరి నుంచి ఆయన భార్య వీడియో కాల్ చేసింది. వెనకాల ఇంతమంది చీరల ఆడవాళ్లని చూసి, “ఎవలయ్యా వాళ్లు?” అనడం మాకందరికీ వినిపించింది.

ఆయన మా వైపు ఒకసారి తిరిగి చూశాడు.

“టూరిస్టులు,” అన్నాడు.